ఫోరెన్సిక్ సైకాలజీ మైనర్ – ఏమిటి? ఎందుకు? ఎవరికి?

మన పిల్లలు కాలేజీలో చేరి ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఒక కొత్త మాట వినపడుతుంది – "మైనర్". మేజర్ సంగతి మనకి తెలిసిందే. కంప్యూటర్ సైన్సో, బయాలజీయో, ఫైనాన్సో – ఇంటిల్లిపాదీ కూర్చుని, తెలిసినవాళ్ళందరినీ అడిగి, లెక్కలు వేసి తేల్చుకున్న విషయం అది. మైనర్ అలా కాదు. అది పిల్లలు తమ ఇష్టం కొద్దీ ఎంచుకునేది. ఆ ఇష్టం కాస్తా ఫోరెన్సిక్ సైకాలజీ అయితే మాత్రం తల్లిదండ్రులకి కంగారు మొదలవుతుంది.

నేను ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో, విద్యార్థులకు కోర్సుల ఎంపికలో సలహాలిచ్చే ఉద్యోగంలో చాలాకాలంగా ఉన్నాను. నేను చదువుకున్నదీ సైకాలజీయే. తెలుగు సంఘం పిక్నిక్కుల్లోనో, ఉగాది భోజనాల వరసలోనో కలిసిన మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటే: "ఇదేం చదువండీ? శవాలతో పనా? దీంతో ఉద్యోగం వస్తుందా? మా అమ్మాయికి ఈ నేరస్థుల గొడవ ఎందుకు చెప్పండి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాద్దామని ఈ ప్రయత్నం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ మైనర్ ఉద్యోగం ఇప్పించదు. ఇది పూర్తి చేసినంత మాత్రాన ఎవరూ ఫోరెన్సిక్ సైకాలజిస్టు అయిపోరు. అయినా నేను దీన్ని వద్దనను. సాటి మనిషి గురించి "నాకు తెలుసు" అని తేల్చేసే ముందు, ఆ తెలిసింది ఎంతవరకు నిజమో పరీక్షించుకోవడం దీనంత గట్టిగా నేర్పే కోర్సులు డిగ్రీ స్థాయిలో నాకు ఎక్కువ కనపడలేదు.

పేరులో ఏముంది?

ఫోరెన్సిక్ అనే మాటకి మూలం లాటిన్ భాషలోని "ఫోరమ్". పాత రోము నగరంలో పదిమందీ చేరే బహిరంగ స్థలం అది. విచారణలు అక్కడే జరిగేవి. కాబట్టి ఫోరెన్సిక్ అంటే "న్యాయస్థానానికి సంబంధించిన" అని అర్థం, అంతే. శవపరీక్ష చేసేది ఫోరెన్సిక్ పేథాలజీ. వేలిముద్రలు, రక్తపు మరకలు చూసేది ఫోరెన్సిక్ సైన్స్. కోర్టుకి అవసరమైన ప్రశ్నలకు మనస్తత్వ శాస్త్రం ద్వారా జవాబు వెతికేది ఫోరెన్సిక్ సైకాలజీ. ఇందులో శవాలు లేవు, మైక్రోస్కోపులూ లేవు. ఉన్నవల్లా బతికున్న మనుషులు, వాళ్ళ మాటలు, వాళ్ళ జ్ఞాపకాలు.

ఈ శాస్త్రం నిన్న మొన్నటిది కాదు. హార్వర్డ్‌లో పనిచేసిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1908లోనే సాక్షుల జ్ఞాపకాల మీద ఒక పుస్తకం రాశారు. అప్పట్లో న్యాయకోవిదులు ఆయన్ని ఎగతాళి చేశారు. 1954లో బడుల్లో జాతి వివక్షను కొట్టేసిన బ్రౌన్ కేసు తీర్పులో, నల్లజాతి పిల్లల మీద బొమ్మలతో ప్రయోగాలు చేసిన క్లార్క్ దంపతుల పరిశోధన ప్రస్తావనకు వచ్చింది. మానసిక రోగాల గురించి సైకాలజిస్టులు కూడా నిపుణులుగా సాక్ష్యం ఇవ్వవచ్చని వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు 1962లో జెన్‌కిన్స్ కేసులో చెప్పింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దీన్ని ఒక ప్రత్యేక శాఖగా గుర్తించింది 2001లో.

మైనర్ లెక్కలు

ఇక్కడ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. మైనర్‌కి 15 నుంచి 21 క్రెడిట్ల దాకా, అంటే అయిదు నుంచి ఏడు కోర్సులు. ఫోరెన్సిక్ సైకాలజీ మైనర్ అన్ని యూనివర్సిటీల్లోనూ ఉండదు. న్యూయార్క్‌లోని జాన్ జే కాలేజీలో దీనికి ప్రత్యేకంగా బి.ఏ., ఎం.ఏ. డిగ్రీలే ఉన్నాయి. కొన్నిచోట్ల "సైకాలజీ అండ్ లా" అన్న పేరుతో ఉంటుంది. అసలే లేనిచోట సైకాలజీ మైనర్ తీసుకుని, క్రిమినల్ జస్టిస్ నుంచి రెండు కోర్సులు కలుపుకుంటే దాదాపు అదే చదువు అవుతుంది.

మామూలుగా ఉండే కోర్సులు ఇవి: సైకాలజీ పరిచయం, అసాధారణ మనస్తత్వం, సామాజిక మనస్తత్వం, సైకాలజీ – చట్టం, క్రిమినల్ జస్టిస్ పరిచయం, ఇంకా ఒకటో రెండో ఐచ్ఛికాలు. కొన్నిచోట్ల గణాంక శాస్త్రం తప్పనిసరి. హైస్కూల్లో ఏ.పి. సైకాలజీ పరీక్షలో మంచి స్కోరు వచ్చినవాళ్ళకి చాలా యూనివర్సిటీలు పరిచయ కోర్సు క్రెడిట్లు ఇస్తాయి. మేజర్‌కి లెక్కపెట్టిన కోర్సునే మైనర్‌కీ లెక్కపెట్టవచ్చా అన్నది ఒక్కోచోట ఒక్కో రకం. అది ముందే కనుక్కోవాలి. 120 క్రెడిట్ల లోపల ఇమిడిపోతే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ఇమడక ఒక సెమిస్టర్ పెరిగితే మాత్రం వేలల్లో ఖర్చు. అంత ఖర్చు పెట్టి మైనర్ చేయమని నేను ఎవరికీ చెప్పను.

చూసిందంతా నిజమేనా?

కంటితో చూసిందీ అబద్ధమే, చెవితో విన్నదీ అబద్ధమే, విచారిస్తేనే నిజం అని మన పెద్దలు అంటారు. తరగతి గదిలో దీనికి రుజువులు చూపిస్తారు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు విద్యార్థులకు కార్లు గుద్దుకునే దృశ్యాలు చూపించి, అవి ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరికీ ఒకటే దృశ్యాలు. ప్రశ్నలో క్రియాపదం ఒక్కటే మారింది. "తగిలినప్పుడు" అన్న అర్థం వచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకి 31.8 మైళ్ళు. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థం వచ్చే మాటకి 40.5 మైళ్ళు! ఆ తర్వాత 150 మందితో మరో ప్రయోగం చేసి, వారం పోయాక "పగిలిన గాజు చూశారా?" అని అడిగితే, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. అందులో పగిలిన గాజే లేదు.

ఇదంతా పిల్లలాట కాదు. నార్త్ కెరొలైనాలో 1984లో ఒక కాలేజీ విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. దుండగుడి ముఖం గుర్తుంచుకోవాలని ఆవిడ అంత ఘోరంలోనూ శ్రద్ధగా చూసింది. ఫోటోల్లోను, తర్వాత వరసలో నిలబెట్టినవాళ్ళలోను రోనాల్డ్ కాటన్ అనే యువకుణ్ణి గుర్తుపట్టింది. కోర్టులో ఏ తడబాటూ లేకుండా చెప్పింది. అతను పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 1995లో డి.ఎన్.ఏ. పరీక్షలో అతను నిర్దోషి అని తేలింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ జ్ఞాపకమే మారిపోయింది. ఈ ఇద్దరూ తర్వాత కలిసి ఒక పుస్తకం రాశారు, ఇలాంటి తప్పులు జరగకుండా చట్టాలు మార్చాలని కలిసి ప్రచారం చేశారు. సాక్షి ఎంత ధీమాగా చెబితే అంత నిజమని నమ్మే మన అలవాటుని ఈ ఒక్క కేసు కదిలించేస్తుంది.

చెయ్యని నేరం ఎవరైనా ఒప్పుకుంటారా?

ఒప్పుకుంటారు. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్ చేస్తున్న మహిళపై జరిగిన దాడి కేసులో 14 నుంచి 16 ఏళ్ళ వయసున్న అయిదుగురు కుర్రాళ్ళు గంటల తరబడి సాగిన విచారణ తర్వాత దోషులుగా నిలబడ్డారు. వాళ్ళలో నలుగురి ఒప్పుకోళ్ళు వీడియోలో ఉన్నాయి. అసలు నేరస్థుడు వేరొకడని అతని ఒప్పుకోలుతోను, డి.ఎన్.ఏ.తోను తేలి, 2002లో ఆ శిక్షలు రద్దయ్యాయి. అలసట, భయం, "ఒప్పుకుంటే ఇంటికి పోవచ్చు" అన్న ఆశ – ఇవి పసివాళ్ళ చేత ఏమైనా చెప్పిస్తాయి. జాన్ జే కాలేజీకి చెందిన సాల్ కాసిన్ ఈ విషయం మీద దశాబ్దాలుగా పరిశోధన చేశారు.

మనవాళ్ళు ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. భారతదేశంలో పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాటను నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా వాడటానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లోనూ అదే ఉంది. ఆ మాట ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మినహాయింపు. అమెరికాలో అలా కాదు. స్వచ్ఛందంగా చెప్పినట్టయితే పోలీసుల ముందు చెప్పిన మాట నేరుగా కోర్టుకి వెళ్తుంది. పైగా, విచారణలో పోలీసులు లేని సాక్ష్యం ఉందని చెప్పినా, అంతమాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదని సుప్రీం కోర్టు 1969లో ఫ్రేజియర్ కేసులో తేల్చింది. పిల్లల విచారణలో ఇలాంటి మోసపు మాటలను అడ్డుకుంటూ 2021లో ముందుగా ఇలినాయ్ చట్టం చేసింది. మౌనంగా ఉండే హక్కు, లాయరుని అడిగే హక్కు 1966 నాటి మిరాండా తీర్పు నుంచి ఉన్నాయి. "మనం తప్పు చెయ్యలేదు కదా, మాట్లాడితే ఏం పోయింది?" అనుకునే పెద్దలకి ఈ కోర్సు చదివిన పిల్లలు చెప్పగలిగింది చాలా ఉంది.

మొహం చూసి అబద్ధం పట్టేస్తామనే ధీమా కూడా ఇక్కడ నిలవదు. బాండ్, డిపాలో అనే పరిశోధకులు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నిజాన్నీ అబద్ధాన్నీ మనుషులు సరిగ్గా వేరుచేసింది నూటికి 54 సార్లే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది! మన పేపర్లలో తరచు కనపడే నార్కో పరీక్షల సంగతీ ఇలాంటిదే. మనిషి సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని భారత సుప్రీం కోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పునిచ్చింది.

మతి, చట్టం

సినిమాల వల్ల బాగా కలగాపులగమైన విషయం ఇది. కోర్టు అడిగే ప్రశ్నలు రెండు, ఒకటి కాదు. మొదటిది: ఈ మనిషికి ఇప్పుడు విచారణ ఎదుర్కొనే స్థితి ఉందా? తన మీద కేసేమిటో అర్థమై, లాయరుతో ఆలోచించి మాట్లాడగలడా? దీనికి కొలబద్ద 1960 నాటి డస్కీ తీర్పు. రెండవది: నేరం జరిగిన సమయంలో తను చేస్తున్నదేమిటో, అది తప్పని తెలిసే స్థితి ఉందా? దీని మూలం 1843లో లండన్‌లో జరిగిన మెక్‌నాటన్ కేసు. భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ ఆ మూసలో వచ్చిందే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్.

"పిచ్చి అని చెప్పి తప్పించుకుంటారు" అనేది లోకంలో బలంగా నాటుకున్న నమ్మకం. అధ్యయనాల్లో తేలింది వేరు. అమెరికాలో పెద్ద నేరాల కేసుల్లో ఈ వాదన తెచ్చేది నూటికి ఒకటి కంటే తక్కువ. వాటిలోనూ నెగ్గేది కొన్నే. నెగ్గినవాళ్ళు ఇంటికి పోరు. ప్రెసిడెంటు రీగన్ మీద 1981లో కాల్పులు జరిపిన జాన్ హింక్లీ 1982లో ఈ కారణంతోనే నిర్దోషిగా తేలాడు. ఆసుపత్రిలో దశాబ్దాలు గడిపాక, షరతులన్నీ తొలగి పూర్తి విడుదల దొరికింది 2022లో.

ఇంకో కేసు విద్యార్థులకి బాగా గుర్తుండిపోతుంది. ఇండియానాలో చెవుడు, మూగతనంతో పాటు బుద్ధిమాంద్యం ఉన్న జాక్సన్ అనే మనిషి మీద మొత్తం 9 డాలర్ల విలువ చేసే రెండు దోపిడీల కేసు పెట్టారు. విచారణకు తగిన స్థితి లేదు కనక, స్థితి వచ్చేదాకా ఆసుపత్రిలో ఉంచమన్నారు. ఆ స్థితి ఎన్నటికీ రాదు. అంటే 9 డాలర్లకి యావజ్జీవం! అలా నిరవధికంగా ఉంచటం కుదరదని 1972లో సుప్రీం కోర్టు చెప్పింది.

డాక్టరు వేరు, పరీక్షకుడు వేరు

మామూలు సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే మనం చెప్పింది గోప్యంగా ఉంటుంది. కోర్టు పంపిన సైకాలజిస్టు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ హామీ అదే రూపంలో ఉండదు. ఆయన నివేదిక కోర్టుకో, లాయరుకో వెళ్తుంది. అందుకే మొదటి మాటగా ఆ సంగతి చెప్పి తీరాలి. టెక్సస్‌లో ఒక నిందితుడు విచారణకు తగునా అని చూడటానికి వచ్చిన మానసిక వైద్యుడు, తర్వాత మరణశిక్ష కోసం అదే సంభాషణను వాడి సాక్ష్యం చెప్పాడు. మౌనంగా ఉండే హక్కు గురించి ఆ నిందితుడికి ఎవరూ చెప్పలేదు. ఆ మరణశిక్ష చెల్లదని 1981లో సుప్రీం కోర్టు తేల్చింది. పిల్లల కస్టడీ తగాదాల్లోనూ ఇదే సూత్రం. విడాకుల కేసుల్లో మనవాళ్ళూ ఉంటారు కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది.

భాష కూడా చిన్న విషయం కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనం "ఆఁ, ఆఁ" అంటాం. వింటున్నాననే దానర్థం, ఒప్పుకున్నానని కాదు. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకపోవడం మన మర్యాద, దాపరికం కాదు. జాతరలో పూనకం వచ్చిన మనిషిని చూసి మన ఊళ్ళో ఎవరూ రోగి అనరు. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ చెప్పే పెద్దావిడ మాటల వెనక నిజంగా డిప్రెషన్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఇవన్నీ తెలియని పరీక్షకుడు ఏం రాస్తాడో ఊహించండి. 2013లో వచ్చిన డి.ఎస్.ఎం. అయిదవ కూర్పులో రోగి సంస్కృతి గురించి అడగవలసిన ప్రశ్నల పట్టిక చేర్చింది ఇందుకే. మన ఇళ్ళలో పెరిగిన పిల్లలకి ఈ రంగంలో ఇవ్వగలిగింది ఉందని నేననేది కూడా ఇందుకే.

మరి ఉద్యోగాల మాట?

ఫోరెన్సిక్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ తర్వాత పిహెచ్.డి. గాని సై.డి. గాని చెయ్యాలి. అయిదు నుంచి ఏడేళ్ళు. అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన పర్యవేక్షణలో పని, లైసెన్సు పరీక్ష. పిహెచ్.డి.లో చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండు దొరుకుతాయి, సీట్లు తక్కువ. సై.డి.లో సీట్లు ఎక్కువ, అప్పూ ఎక్కువే. డిగ్రీలో సైకాలజీ మేజర్ లేకపోయినా కొన్ని ముఖ్యమైన కోర్సులు, పరిశోధనానుభవం ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. మైనర్ అక్కడ కొంత అక్కరకొస్తుంది.

టీవీ చూసి ఎఫ్.బి.ఐ. ప్రొఫైలర్ అవుతానని వచ్చేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. అక్కడ ఆ పని నేరుగా ఇవ్వరు. ముందు స్పెషల్ ఏజెంటుగా చేరి ఏళ్ళ తరబడి పనిచేయాలి. ఏజెంటు కావాలంటే అమెరికా పౌరసత్వం, కనీసం 23 ఏళ్ళ వయసు ఉండాలి. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల పిల్లలు ఈ పౌరసత్వం సంగతి ముందే దృష్టిలో పెట్టుకోవాలి. ఫెడరల్ ఉద్యోగాల్లో ఎక్కువ వాటికి ఇదే నియమం.

మైనర్ బాగా కలిసొచ్చేది వేరే మేజర్లకి. లా స్కూలుకి వెళ్ళేవాళ్ళకి, మెడిసిన్ తర్వాత సైకియాట్రీ వైపు చూసేవాళ్ళకి, సోషల్ వర్క్, నర్సింగ్ చదివేవాళ్ళకి, అకౌంటింగ్ చదివి ఆర్థిక మోసాల పరిశోధనలోకి పోయేవాళ్ళకి. కంప్యూటర్ సైన్స్ పిల్లలు సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తే, మనుషులు ఎలా మోసపోతారో తెలియడం ప్రోగ్రామింగ్ అంత అవసరం.

తల్లిదండ్రులకు ఒక మాట

కొందరు నాన్నగార్లు ఫోన్ చేసి "మా అమ్మాయి ఏయే కోర్సులు తీసుకుంది, గ్రేడ్లు ఎలా ఉన్నాయి?" అని అడుగుతారు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, విద్యార్థి అనుమతి ఉంటే తప్ప నేను చెప్పను. అమ్మాయినే అడగమంటాను. అడిగితే మంచి సంభాషణే జరుగుతుంది.

ఇంకొకటి కొంచెం బరువైన సంగతి. ఈ కోర్సుల్లో హింస, అత్యాచారం, పిల్లలపై దౌర్జన్యం, ఆత్మహత్య – అన్నీ వస్తాయి. కొందరు పిల్లలు ఉత్సాహం కొద్దీ వస్తారు. కొందరు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని దానికి అర్థం వెతుక్కుంటూ వస్తారు. "మా మరిది ఆసుపత్రిలో ఉన్న సంగతి బంధువులకి కూడా తెలియదండీ. పాప అందుకే ఇది తీసుకుందేమో" అని ఒక తల్లి నాతో గొంతు తగ్గించి అన్నారు. ఆ పాప ఆ కోర్సు తీసుకున్నందుకు నేను సంతోషించాను. మన ఇళ్ళలో మానసిక అనారోగ్యం గురించి మాట్లాడటానికి ఒక భాష కావాలి. ఆ భాష కొందరికి ఇక్కడే దొరుకుతుంది. అయితే కోర్సు వైద్యం కాదు. మనసు బరువెక్కితే క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. అక్కడికి వెళ్ళడం నామోషీ కాదు.

మైనర్ ప్రకటించే ముందు మీ పిల్లల్ని ఈ అయిదు ప్రశ్నలూ సలహాదారుని అడగమనండి:

1. నాలుగేళ్ళ లోపల ఇది ఇముడుతుందా?
2. మేజర్ కోర్సుల్లో ఎన్ని దీనికి కూడా లెక్కకి వస్తాయి?
3. "సైకాలజీ – చట్టం" కోర్సు ప్రతి ఏడాదీ చెబుతారా, ఎవరు చెబుతారు?
4. పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులోనో, బాధితులకు సాయం చేసే సంస్థలోనో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?
5. అధ్యాపకుల పరిశోధనలో డిగ్రీ విద్యార్థులకు చోటుంటుందా?

నాలుగు, అయిదు ప్రశ్నలకి "ఉంది" అన్న జవాబు వస్తే ఆ మైనర్ తీసుకోదగ్గదే. మొదటి కోర్సు ఒకటి తీసుకుని చూడమనండి. నచ్చకపోతే అది ఐచ్ఛికం కింద పోతుంది, నష్టం లేదు. నచ్చితే, ఏ రోజైనా జ్యూరీలో కూర్చోమని పిలుపు వచ్చినప్పుడు, ఎదుట నిలబడ్డ మనిషి గురించి తొందరపడకుండా ఆలోచించే పౌరులు మన ఇంట్లోంచి ఒకరు వెళ్తారు.